పిట్టలకు సర్కారు కొలువు

దగ్గరికి జరగండి. పొగ వైపు కూర్చున్నవాళ్లు ఇటు రండి, కళ్లు మండుతుంటే కథ చెవికెక్కదు. పశువుల శాఖ ఉపమంత్రి, గౌరవనీయ బెర్నార్డ్ ఓలే కిర్టెలాగారు మా ఊరు లెంకిషోన్‌ని ఎలా ఉద్ధరించారో చెబుతాను. అంతటి మహానుభావుడి సంగతి, మధ్యలో టీ నీళ్ల కోసం లేవకండి.

ఆ ఏడు మొదటి వానలు వెలిసిన తర్వాత, సంత జరిగే బుధవారం నాడు మంత్రిగారు మూడు కార్లలో దిగారు. మేకల్ని లారీకెక్కించే మట్టి అరుగు మీద నిలబడి, మైకులోకి రెండుసార్లు ఊది, "నా ప్రజలారా! ఈ రోజుతో పిడుదు చచ్చింది!" అని ప్రకటించారు.

జనం చప్పట్లు కొట్టారు. అరుగు పక్కన కట్టేసిన ఆవు చెవిలో, రక్తం తాగి ఉబ్బిన ముప్పై నలభై పిడుదులు గుత్తిగా ఉన్నాయి. వాటికి మైకు వినబడినట్టు లేదు.

మంత్రిగారు వివరంగా చెప్పారు. ఆవుల్ని ముంచే మందు తొట్టి తెల్లదొరలు తవ్వించిన గుంట అట. ఆవుని వెనక నుంచి తోసి, మెడదాకా విషంలో ముంచి, అవతల గట్టున తేల్చడం మన ఆవుల ఆత్మగౌరవానికి మచ్చ అట. మన గడ్డి మైదానాల్లో దేవుడు పెట్టిన డాక్టరు ఉండగా ఇంకో డాక్టరు ఎందుకు? ఎర్రటి ముక్కు, కంటి చుట్టూ పసుపు ఉంగరం. అదే పిడుదు పిట్ట! అడవిదున్న వీపు మీద, ఖడ్గమృగం చెవిలో, జిరాఫీ మెడ మీద ఎక్కి రోజుకి వంద పిడుదులు ఏరుకు తింటుంది.

"జీతం అడగదు. సెలవు అడగదు. యూనియన్ పెట్టదు," అన్నారు మంత్రిగారు. "అందుకని దేశంలోనే మొదటిసారిగా మీ లెంకిషోన్‌లో జాతీయ పక్షి సేవా పథకం పెడుతున్నాం. ఇక్కడి పిట్టలన్నీ నేటి నుంచి పశువైద్య శాఖ సిబ్బంది! మీ తొట్టి మూడేళ్లుగా ఎండిపోయిందని ప్రతిపక్షం ఏడుస్తోంది. ఎందుకు ఎండబెట్టాం? పిట్టలకి పని దొరకాలని!"

ఇంత ముందుచూపు దాని వెనక ఉన్నదని మాకెవరికీ తట్టనే లేదు. మూడేళ్లపాటు ఆ మనిషిని అన్యాయంగా తిట్టుకున్నాం.

ఆడవాళ్ల వరసలో సిమలోయ్ లేచి నిలబడింది. మొగుడు పోయినది, పొడుగ్గా, ఎండిన కర్రలా ఉండేది. ఆ మూడేళ్లలోనే ఆమె ఆవులు రెండు, దూడలు రెండు పిడుదు జ్వరానికి చెవి కింద గడ్డలు లేచి, ముక్కున నురగ కక్కుకుని పోయాయి. మిగిలిందల్లా సాంబు. ఎర్ర తెలుపు మచ్చల తొలిచూలు పెయ్య, ఈనడానికి ఇంకా నెల కూడా లేదు. ఆ పెయ్య పొదుగు నిండా పిడుదులే. ఒక చన్ను అప్పటికే రాయిలా గట్టిపడింది. ఇంకో రెండు పోతే దూడ బతకదు, దూడ పోతే పాలు లేవు, పాలు లేకపోతే సిమలోయ్ గుడిసెలో పొయ్యి మీద పెట్టడానికేమీ లేదు.

"అయ్యా, ఈ పిట్టలు మా తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నాయి," అంది. "అవి తినగా మిగిలిన పిడుదులే మా ఆవుల్ని తింటున్నాయి. మందు ఎప్పుడొస్తుందో చెప్పు."

"అమ్మా, మందు వచ్చేసింది. పైకి చూడు, ఎగురుతోంది!" అన్నారు మంత్రిగారు.

అందరం తలలెత్తి చూశాం. పైన రాబందు ఒకటి తిరుగుతోంది.

పథకాన్ని నడిపే భారం పశువుల ఆఫీసర్ ముసెంబి మీద పడింది. ముసెంబి మా మనిషి కాడు, కొండలకి అవతలివాడు. కానీ రాతలో గట్టివాడు. ఏది జరగకపోయినా జరిగినట్టు చక్కటి అక్షరాలతో రాసేవాడు. మొదటి వారంలోనే పిట్టల్ని లెక్కపెట్టి పదకొండని తేల్చాడు. ఒక్కోదానికి ఒక నంబరిచ్చాడు. పొద్దునా సాయంత్రం హాజరు వేశాడు.

ఏడో నంబరు పిట్ట వరసగా రెండు రోజులు డ్యూటీకి రాలేదు. ఎక్కడుందని చూస్తే వాగు అవతల ఒక జిరాఫీ మెడ మీద ఉంది. ముసెంబి మెమో రాశాడు. దాన్ని చదివి వినిపించే పని మా చీఫ్ పార్సాలోయ్‌ది. చీఫ్ ఖాకీ టోపీ పెట్టుకుని, జిరాఫీ కాళ్ల దగ్గర నిలబడి, మెడ వెనక్కి వంచి, కాగితం గట్టిగా చదివాడు.

నీళ్లకి పోతున్న సిమలోయ్ ఆగి చూసింది. "చీఫ్‌గారూ, అది వింటోందంటారా?"

"వినకపోతే మాత్రమేం తల్లీ, చదివినట్టు రాస్తే చాలు."

"జిరాఫీ తన్నితే?"

"అదీ రాస్తాడు," అన్నాడు చీఫ్, ఒక అడుగు వెనక్కి వేసి.

ఇంతలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ప్రారంభోత్సవానికి టీవీ వాళ్లు వస్తున్నారు, ఆవులు కెమెరాలో తళతళలాడాలి, ఎక్కడా ఒక్క పిడుదు కనబడరాదు. ఉత్తరం వెనకే లారీలో రెండు పీపాలు వచ్చాయి. మూత తీయగానే ఆ వాసన ఊరంతా గుర్తుపట్టింది. మూడేళ్లుగా మేం అడుగుతున్న మందే.

చీఫ్ మందలోంచి యాభై బలిసిన ఆవుల్ని ఏరి, పంపుతో మందు కొట్టడం మొదలుపెట్టారు. సిమలోయ్ సాంబుని తోలుకుని పరుగులాంటి నడకతో వచ్చింది.

"ముసెంబీ, నాయనా, దీని పొదుగు మీద ఒక్క చెంబెడు పోయించు."

"కుదరదమ్మా. ఇది ప్రారంభోత్సవం మందు. పిడుదుల మందు కాదు."

"మరి దీంతో పిడుదులు చావవా?"

"చస్తాయి. కానీ ఉద్దేశం అది కాదు."

"ఉద్దేశం లేకుండానే పోయించు బాబూ."

"నీ పెయ్య లిస్టులో లేదమ్మా. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు దానివి. టీవీలో దేశం పరువు పోతుంది."

సిమలోయ్ వెనక్కి తోలుకుపోయింది. ఇంటి ముందు ఆమె సవతి నోంకిపా కూర్చుని పూసలు గుచ్చుతోంది. ఇద్దరికీ ఒకే మొగుడు. ఆయన ఉన్నప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కారు, పోయాక ఒకే కుండలో తింటున్నారు.

"ఏమన్నాడే?" అంది నోంకిపా.

"సాంబు అందంగా లేదన్నాడక్కా."

"తను పెద్ద అందగాడు మరి. గొర్రె తొక్కిన టోపీ మొహమూ వాడూ. కూర్చో, చేత్తోనే ఏరుదాం."

రోజూ పొద్దున ఇద్దరూ సాంబు పొదుగు దగ్గర కూర్చుని పిడుదుల్ని ఒక్కొక్కటే మెలితిప్పి లాగి సొరబుర్రలో వేసేవాళ్లు. నిండాక నిప్పులో పోసేవాళ్లు. పొద్దున ఏరితే మర్నాటికి మళ్లీ అన్నీ ఉండేవి. అయినా ఆ చేతుల వల్లే మిగిలిన మూడు చన్నులూ మెత్తగా ఉన్నాయి.

అక్కడ చీఫ్ ఆవులు మాత్రం నూనె రాసినట్టు మెరిశాయి. మర్నాడు పిట్టలు అలవాటు కొద్దీ వచ్చి వాటి మీద వాలాయి. చస్తున్న పిడుదుల్ని తిన్న మూడు పిట్టలు మధ్యాహ్నానికి తుమ్మచెట్టు కింద కాళ్లు పైకెత్తి పడి ఉన్నాయి. ముసెంబి టోపీ తీసి కొంచెంసేపు నిలబడి, 'విధి నిర్వహణలో అమరులయ్యారు' అని రాశాడు. మంత్రిగారు రేడియోలో సంతాపం తెలిపారు. మిగతా పిట్టలు పరిస్థితి అర్థం చేసుకుని అడవిదున్నల దగ్గరికి వెళ్లిపోయాయి.

ఉత్సవానికి ఇంక మూడు రోజులే ఉంది. మెరిసే ఆవులు యాభై ఉన్నాయి, పిట్ట ఒక్కటీ లేదు. ముసెంబికి నిద్ర పట్టలేదు. పిడుదులు లేనిదే పిట్ట రాదు, పిడుదు ఉంటే టీవీ ఒప్పుకోదు. ఆలోచించి, ఇంటికొక సొరబుర్రెడు ప్రాణమున్న పిడుదులు ప్రభుత్వానికి ఇవ్వాలని ఆర్డరు వేశాడు. కడుపు కింద, కెమెరాకి కనబడని చోట అంటించాలని ఆయన ఎత్తు. ఊరు ఊరంతా మిగతా ఆవులు, మేకలు, గాడిదలు, కుక్కల మీద పడి ఏరింది. తెచ్చి మెరిసే ఆవులకి అంటించారు. అంటించినవి అంటించినట్టే రాలి చచ్చాయి.

"సార్, పిడుదులు సహకరించడం లేదు," అని ముసెంబి రాజధానికి ఫోన్ చేశాడు.

అవతలి నుంచి ఏమన్నారో తెలియదు కానీ, ముసెంబి ఫోన్ పెట్టేసి చాలాసేపు చెమట తుడుచుకున్నాడు. అప్పుడే ఆ దారిన సాంబు మేతకి పోతోంది. దాని వీపు మీద నాలుగు పిట్టలు ఉన్నాయి. లిస్టులో లేక, మందు పడక, ఎంత ఏరినా పిడుదులు తరగని పెయ్య అది, ఆ రోజు ఊళ్లో పిట్టలు వాలిన ఒకే ఒక్క వీపు అది.

ఆ సాయంత్రం ముసెంబి సిమలోయ్ గుడిసెలోకి తలవంచి వచ్చాడు. పాలు తక్కువైన టీ ఇస్తే చివరి చుక్కదాకా తాగాడు.

"అమ్మా, నీ పెయ్య ఇక మామూలు పెయ్య కాదు. ముఖ్య అతిథి."

"మొన్న అందంగా లేదన్నావు."

"అది పాత పాలసీ. ఇవాళ్టి నుంచి దాని మీద ఒక్క పిడుదు కూడా తీయకూడదు."

నోంకిపా చేతిలో పూసలు ఆగిపోయాయి. "మూడు రోజులు తీయకపోతే ఇంకో చన్ను పోతుంది నాయనా. నీకేం, నువ్వు పాలపొడి టీ తాగేవాడివి."

"ఒక పీపా ఇంకా ముట్టుకోలేదమ్మా. ఉత్సవం అవగానే అది మీ ఊరికే. మొదటి చెంబు సాంబుకి. నా మాట."

సిమలోయ్ లెక్క వేసుకుంది. పీపా అంటే ఒక్క సాంబు కాదు, ఊళ్లో పొదుగులన్నీ. సరేనంది. ముసెంబి ఆమె సొరబుర్ర ఎత్తి చూసి, అందులో పిడుదులు కదులుతుంటే సంతోషించి, "వీటిని చంపకు. సభకి తీసుకురా. పిట్టలు నీరసపడితే రిజర్వు దళంగా పనికొస్తాయి," అన్నాడు.

ఉత్సవం అదిరిపోయింది. మంత్రిగారు టై మీద ఎర్ర దుప్పటి కప్పుకుని వచ్చారు. వెనకాల మెరిసే ఆవులు యాభై, ముందు సాంబు, దాని మీద నాలుగు పిట్టలు. టీవీ అమ్మాయి ఎంత మురిసిపోయిందో! మూడు రోజులు చెయ్యి పడని పొదుగు పుండు పడి రక్తం కారుతోంది. పిట్టల్లో రెండు పొట్ట కిందికి దిగి, ఆ పుండునే పొడుచుకు తాగుతున్నాయి. పెయ్య కాలు విదిలిస్తోంది.

"చూశారా, శస్త్రచికిత్స కూడా!" అన్నారు మంత్రిగారు కెమెరాకి.

సిమలోయ్ సొరబుర్రని గుండెకి అదుముకుని ఊరుకుంది. ఇంకొంచెంసేపు, అనుకుంది.

ఉపన్యాసం ముగిశాక మంత్రిగారికి అసలు పని గుర్తొచ్చింది. మా వాళ్లలో ఒకరు ఇంకొకరికి పశువుని కానుకగా ఇస్తే, ఆ రోజు నుంచి పుట్టినప్పుడు పెట్టిన పేర్లు పోతాయి. ఎద్దుని ఇస్తే ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ ఒకరినొకరు చచ్చేదాకా 'ఎద్దూ' అనే పిలుచుకోవాలి. గొర్రెనిస్తే 'గొర్రే'. ఆ పేరుతో వచ్చినవాళ్లకి ఇంటి తలుపు మూయకూడదు. ప్రతిపక్ష నాయకుడికి అప్పటికే అలా పన్నెండు మంది 'ఎద్దులు' ఉన్నారు, వాళ్ల కుటుంబాల ఓట్లు కలిపితే చాలానే. మంత్రిగారు పట్నంలో పెరిగినవారు కావడం వల్ల ఒక్క కానుక పేరూ లేదు.

చీఫ్ ఒక గిత్తని సిద్ధంగా పట్టుకున్నాడు. కానీ మంత్రిగారి పీఏ చెవిలో, "సార్, పేద విధవ చేతి మీదుగా అయితే టీవీలో బాగుంటుంది," అన్నాడు. మంత్రిగారు తిన్నగా సిమలోయ్ ముందుకి వచ్చి ఆగారు. కెమెరా వెనకే వచ్చింది.

"అమ్మా! ఈ నేల నాకొక పేరు పెట్టాలి. నీ చేత్తో నాకేమిస్తావు?" అని, సాంబు వీపు నిమిరారు. పిట్టలు బుర్రుమని లేచాయి. "మంచి పెయ్య!"

నలుగురిలో నోరు తెరిచి అడిగిన అతిథికి లేదనడం మా ఇళ్లలో లేదు. ఇచ్చిందా, సిమలోయ్‌కి పెయ్యా లేదు, దూడా లేదు. ఇవ్వలేదా, ఆమెకి ఊళ్లో తల ఎత్తే చోటు లేదు. నోంకిపా వెనక నుంచి ఆమె దుప్పటి కొస గట్టిగా పట్టుకుంది.

సిమలోయ్ ఒక్క క్షణం సాంబు వైపు చూసింది. తర్వాత రెండు చేతులా సొరబుర్ర ముందుకి చాచింది.

"అయ్యా, పెయ్య నా మొగుడు వదిలిపోయినది. దాన్ని ఇస్తే అది ఆయన కానుక అవుతుంది, నాది కాదు. ఇవి మాత్రం నేను నా చేత్తో పెంచినవి. సర్కారు ఆర్డరు మీద నా పెయ్య రక్తం పోసి మేపాను. నా ఇంట్లో ఇంతకంటే బలిసిన జీవాలు లేవు. వద్దనకు."

మంత్రిగారు కెమెరాకి నవ్వుతూ రెండు చేతులా అందుకున్నారు. మూత తర్వాత తీశారు.

అందుకున్నాక తిరిగి ఇవ్వడమన్నది లేదు. మా పెద్దలు ఆరుగురు లేచి వచ్చి, ఆచారం ప్రకారం మంత్రిగారి నుదుటి మీద, సొరబుర్ర మీద తుప్పు తుప్పుమని ఉమ్మి దీవించారు. పీఏ రుమాలుతో పరుగెత్తాడు.

"సమ్మతమేనా, పిడుదూ?" అని సిమలోయ్ అడిగింది.

మంత్రిగారు పీఏని చూశారు. పీఏ కెమెరాని చూశాడు. అప్పటికి దేశమంతా చూస్తోంది.

"సమ్మతమే... పిడుదూ," అన్నారు మంత్రిగారు. వెంటనే తేరుకుని, చెయ్యెత్తి, "ఇది ఒక్క తల్లి కానుక కాదు! లెంకిషోన్‌లో ప్రతి ఇంటి కానుక! మీరంతా నావాళ్లు!" అన్నారు. ఎంతైనా రాజకీయాల్లో ఇరవై ఏళ్లున్నవారు.

"పిడుదూ! పిడుదూ!" అని జనం గొంతులు పోయేలా కేక పెట్టారు. అంత ఆదరణ ఆయనకి ఎన్నికల్లో కూడా రాలేదు.

కార్లు కదిలాక సిమలోయ్ ముసెంబి దగ్గరికి వెళ్లింది. మూత తీయని పీపా అప్పటికే లారీ ఎక్కుతోంది.

"ముసెంబీ, నీ మాట?"

"నేనేం చెయ్యనమ్మా, పైనుంచి ఆర్డరు. ఇప్పుడు మందు కొడితే పిట్టలు చస్తాయి. పథకం సక్సెస్ అయ్యాక పథకాన్ని చంపుకుంటామా?"

"పీపా ఎక్కడికి పోతోంది?"

"భద్రమైన చోటికి," అన్నాడు. పాపం, తల పైకెత్తకుండానే అన్నాడు.

ఆ రోజు సిమలోయ్, నోంకిపా కలిసి చీకటి పడేదాకా సాంబు పొదుగు ఏరారు. రెండో చన్ను వేడిగా ఉంది.

"అక్కా, మంత్రిగారి పశువుల ఫారం ఎంత దూరం?" అంది సిమలోయ్.

"పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి. ఎందుకే?"

"పిడుదుని చూసి రావాలి."

మర్నాడు పెయ్యని మెల్లగా, నీడ కనబడిన చోటల్లా ఆపుతూ తోలుకుపోయింది. ఫారం చుట్టూ ఇనుప కంచె, గేటు దగ్గర మా జాతి కాపలావాడే ఒకడు. లోపల వేల ఆవులు. ఒక్కదాని చెవిలోనూ పిడుదు లేదు, ఒక్కదాని వీపు మీదా పిట్ట లేదు.

"ఎవరమ్మా నువ్వు?"

"మీ దొరకి కబురు పెట్టు నాయనా. ఆయన పిడుదు వచ్చిందని చెప్పు."

కాపలావాడి ముఖం విప్పారింది. "నువ్వేనా! టీవీలో చూశాను పెద్దమ్మా!" అని మేనేజరుని పిలిచాడు. మేనేజరు నవ్వి పొమ్మన్నాడు. కాపలావాడు కదల్లేదు. "కానుక పేరు చెప్పినవాళ్లని గేటు నుంచే వెనక్కి పంపితే మా ఇంట్లో నాకు కూడు పెట్టరు సార్. అడిగి చూడండి."

మేనేజరు ఫోన్ చేశాడు. ఆ సమయంలో మంత్రిగారి పక్కన విలేకరులు ఏడుగురు కూర్చుని, 'ప్రజల్లో మీకున్న ఆత్మీయత' గురించే అడుగుతున్నారట. "నా పిడుదుని లోపలికి రానివ్వండి! ఏం కావాలంటే అది చెయ్యండి!" అని ఫోన్‌లో గట్టిగా అన్నారట, ఏడుగురికీ వినబడేలా.

లోపల తొట్టి నిండా మందు, పచ్చగా, గట్టు దాకా. నిండు చూడి పెయ్యని దూకించకూడదని, కాపలావాడు బకెట్టులో మందు కలిపి చెంబుతో మెడ మీద, చెవుల్లో, పొదుగు మీద నిదానంగా పోశాడు. పిడుదులు ఒక్కొక్కటే రాలాయి. సాంబు నిట్టూర్చింది. సిమలోయ్ పక్కన వరసగా పేర్చిన పీపాల్లో ఒకదాని మీద కూలబడింది. దాని మీద తెల్లటి అక్షరాలు ఉన్నాయి.

"నాకు చదువు రాదు. ఏం రాసుందయ్యా దీని మీద?"

కాపలావాడు వంగి చదివాడు. "లెంకిషోన్ మందు తొట్టి."

"దాని పక్కది?"

"లెంకిషోన్ మందు తొట్టి. పోయినేటిది."

"ఆ వెనక?"

అతను గోడదాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చాడు. "అన్నీ అవే పెద్దమ్మా," అన్నాడు.

సిమలోయ్ పీపా మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎంత మంచివాడయ్యా మా పిడుదు," అంది. "మేం పారబోసుకుంటామని ఇన్నాళ్లూ కాపాడి పెట్టాడు."

ఆ తర్వాత తొమ్మిదో రోజున సాంబు ఈనింది. మూడు చన్నులు దక్కాయి, దూడ ఆడది. వచ్చిన బుధవారం లెంకిషోన్ ఆవులు, గాడిదలు, మేకలు అన్నీ ఆ ఇనుప గేటు ముందు కొండ మలుపు దాకా బారులు తీరాయి. కాపలావాడు కుర్చీ వేసుకుని, చట్టం తప్పకుండా ఒక్కొక్కరినీ ఎవరని అడుగుతున్నాడు. ముసలివాళ్లు, పడుచువాళ్లు, చంకన బిడ్డలున్న తల్లులు, చివరికి టోపీ చేత్తో పట్టుకున్న చీఫ్ పార్సాలోయ్ కూడా ఒకటే జవాబు చెబుతున్నారు.

మంత్రిగారికి మాత్రం ఆ ఏడాదే బహుమతి వచ్చింది. లెంకిషోన్‌లో పిడుదు జ్వరం పూర్తిగా పోయిందని తనిఖీకి వచ్చినవాళ్లు రాసుకున్నారు. పిట్టలేవని అడిగితే, ముసెంబి హాజరు పుస్తకం చూపించాడు. పదకొండూ హాజరు.

ఇదీ సంగతి. మీ ఇళ్లకి వెళ్లాక మీ పిల్లలకీ చెప్పండి, సాంబు మచ్చలు మరిచినా, పీపాల మీది అక్షరాలు మాత్రం మరవకండి. ఆయన పేరు వచ్చిన చోట కొంచెం ఆగి, గౌరవంగా పలకండి. ఆయన ఇప్పుడు ఉపమంత్రి కారు, మంత్రి.